సీసా వెనకాల పంపిన ఉత్తరం

ఫిబ్రవరి 9

నాన్నా,

కొండ మీద పప్పు ఎంతకీ ఉడకడం లేదని రాశావు. ఇక్కడ మా కుట్టు ఫ్యాక్టరీలో ఇస్త్రీ బల్లల ఆవిరికి మనుషులమే ఉడికిపోతున్నాం. సొరంగం తవ్వేవాళ్లకు వండి పెట్టడం నీకూ, చొక్కాలకు కాలర్లు కుట్టడం నాకూ ఎప్పటికి తెమిలేనో! మీ క్యాంపులో ఫోను పలకకపోవడం ఒకందుకు మంచిదే అనిపిస్తోంది. ఈ సంగతి ఫోనులో చెప్పాలంటే మా గదిన్నర ఇంట్లో అందరి చెవినా పడుతుంది.

ఆరో నెల వచ్చింది. పొట్ట మిషను బల్లకు తగులుతోంది. కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంటే, అంత దూరం నుంచి కుడితే కాలరు వంకర పోతుందని మేస్త్రీ సణుగుతాడు. మా వరుసకంతటికీ ఒకటే చెక్క బిళ్ల. అది చేతిలో ఉన్నవాళ్లే బాత్రూముకు వెళ్లాలి. వాళ్లు తిరిగొచ్చేదాకా మిగతావాళ్లం బిగబట్టుకుని కూర్చోవాలి. ఆ బాధ పడలేక మధ్యాహ్నం దాకా మంచినీళ్లు ముట్టడం మానేశాను. ఇంటి దగ్గర సంగతి నీకు తెలిసిందే. నాలుగు వాటాలకూ కలిపి వరండా చివర ఉన్నది ఒకటే. లోపలికి వెళ్లి గడియ పెట్టీ పెట్టకముందే బయట ఎవరో దగ్గుతారు.

ఇక అసలు సంగతి. కొన్నాళ్లుగా నాకు కడుపు కదలడం లేదు. పొద్దున్నే లేచి ఆశగా చూస్తాను. ఏమీ ఉండదు. రాయిలా బిగుసుకుపోయి ఉంటుంది. భయంగా ఉంది. అత్తయ్యకు చెప్పలేదు, ఆయనకూ చెప్పలేదు. అమ్మ ఉంటే అమ్మకు చెప్పుకునేదాన్ని. నన్ను పెంచింది నువ్వే కాబట్టి నిన్నే అడుగుతున్నాను. ఏం చెయ్యమంటావు?

నీ పిచ్చుక


ఫిబ్రవరి 14

పిచ్చుకా,

నీ ఉత్తరం పొయ్యి దగ్గర నిలబడి చదివాను. కూర మాడిపోతోందని తవ్వకం వాళ్లు వచ్చి కేకలేస్తే గాని ఈ లోకంలోకి రాలేదు.

కడుపులో బిడ్డ కదలకపోతే ఆ పూటకాపూట ఆసుపత్రికి పరిగెత్తాలి తల్లీ. ఉత్తరం రాసి, జవాబు కోసం ఎదురుచూస్తూ కాలర్లు కుట్టుకుంటావా? పైగా ఇంట్లోవాళ్లకు చెప్పలేదంటావా? అత్తగారంటే అంత బెదురేమిటి నీకు?

సరుకుల లారీ ఇప్పుడే కిందికి దిగుతోంది. ఫోను పలికే చోటికి చేరగానే అల్లుడు పనిచేసే బేకరీకి చెప్పమని డ్రైవరును బతిమాలుకున్నాను. ఈ ఉత్తరం కూడా అతని చేతికే ఇస్తున్నాను. సెలవు అడిగితే, నా బదులు గరిటె పట్టేవాడు దొరికేదాకా కదలొద్దన్నారు. ఒక చోట కూర్చోలేకపోతున్నాను. వంటపాకకూ రోడ్డుకూ మధ్య తిరుగుతూనే ఉన్నాను.

మిషను ఆపి లే. వెంటనే వెళ్లు.

నాన్న


ఫిబ్రవరి 19

నాన్నా,

నీకు పుణ్యం ఉంటుంది, ఇకమీదట నా ఉత్తరాలు నిదానంగా చదువు.

నీ డ్రైవరు ఫోనులో ఏం చెప్పాడో గాని, మీ అల్లుడు చేతులకున్న పిండి కూడా కడుక్కోకుండా ఫ్యాక్టరీ గేటుకు వచ్చేశారు. వెనకాలే అత్తయ్య. నన్ను మిషను మీద నుంచి లేపి ఆసుపత్రికి తీసుకుపోయారు. డాక్టరమ్మ పరీక్ష చేసి బిడ్డ గుండె చప్పుడు వినిపించింది. గుర్రం పరిగెత్తినట్టుంది. లోపల తన్నుతూనే ఉంది, ఎప్పుడూ ఆగలేదు.

కదలనిది బిడ్డ కాదు నాన్నా. నాకు మలబద్ధకం. విరేచనం కావడం లేదు. అయిన రోజున కూడా ప్రాణాలు ఉగ్గబట్టుకుని ముక్కాల్సి వస్తోంది. ఇదిగో, రాసేశాను. ఈ మాట రాయలేకే అప్పుడు డొంకతిరుగుడుగా రాశాను. నువ్వు దాన్ని ఎక్కడికో తీసుకుపోయావు.

ఇంకేమైనా ఇబ్బంది ఉందా అని డాక్టరమ్మ అడిగింది. ఒక పక్క ఆయన, ఇంకో పక్క అత్తయ్య. ఏమీ లేదన్నాను.

ఇంటికొచ్చాక అత్తయ్య నాతో మాట్లాడడం మానేసింది. ఇంట్లో మనుషులుండగా కడుపు సంగతి కొండ మీదికి రాసుకుంటుందా అని పక్క వాటా ఆవిడతో అంటుంటే విన్నాను. అది కాదు అత్తయ్యా అని చెప్పాలంటే అసలు సంగతి చెప్పాలి. అందుకని నేనూ మాట్లాడడం లేదు. పళ్లెం చప్పుడు తప్ప మా ఇంట్లో ఇంకేం వినపడడం లేదు. పైగా కడుపు ఇంకా అలాగే ఉంది.

నీ పిచ్చుక


ఫిబ్రవరి 25

పిచ్చుకా,

పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ఉత్తరం చదివి గట్టిగా నవ్వేశాను. పక్కన కూరగాయలు తరిగేవాడు నాకు పిచ్చెక్కిందనుకున్నాడు.

ఓసి పిచ్చిదానా, ఇంతేనా? చిన్నప్పుడు నీకు ముక్కు మూసి ఆముదం పట్టించింది నేను కాదూ? ఇక్కడ క్యాంపులో ఒక నర్సు ఉంది. రాళ్లు తగిలి చేతులు తెగినవాళ్లకు కుట్లు వేసే మనిషి, నోరు కూడా కత్తిలాంటిదే. ఆవిడ దగ్గరికి వెళ్లి మందు కావాలన్నాను. ఎవరికని అడిగింది. నీ పరువు కాపాడాలిగా! నాకే అని చెప్పాను. ఎగాదిగా చూసి ఒక సీసా ఆముదం ఇచ్చింది. పొద్దున్నే పరగడుపున రెండు చెంచాలు తాగమంది.

ఆ సీసాకు గుడ్డ చుట్టి డ్రైవరుకిచ్చి పంపుతున్నాను. నీ చేతికే ఇమ్మని చెప్పాను. ఎవరి కంటా పడకుండా తాగెయ్యి. మీ అత్తగారి కోపం దానంతటదే పోతుంది.

నాన్న


మార్చి 1

పిచ్చుకా,

ఆ సీసా మూత తియ్యకు. ముందు ఈ మాట చదివి, తర్వాత మిగతాది చదువు. అందులోది ఒక్క చుక్క కూడా నోట్లో వేసుకోకు.

మధ్యాహ్నం భోజనాల వరుసలో నర్సు నా ముందుకొచ్చి పళ్లెం చాపుతూ, మందు పనిచేసిందా అని అడిగింది. అన్నం వడ్డించే ధ్యాసలో ఉండి, ఇంకా తెలియదమ్మా, అమ్మాయి రాయాలి అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. ఏ అమ్మాయి అంది. చెప్పక తప్పలేదు.

ఆవిడ పళ్లెం అక్కడే పెట్టేసింది. "కడుపుతో ఉన్న పిల్లకి ఆముదం పంపావా? దాంతో నెలలు నిండకముందే నొప్పులు రావచ్చు. నాకే అని ఎందుకు చెప్పావయ్యా?" అంది. వరుసలో ఉన్న వాళ్లందరూ విన్నారు.

లారీ రోడ్డు మీద బండలు పడ్డాయి. నడిచి కిందికి దిగుతున్న సర్వేయరు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. సీసా ముందు బయలుదేరింది, నా మాట వెనక వస్తోంది. దారిలో ఎక్కడైనా ఆ లారీ ఆగిపోయి ఉండాలని కోరుకుంటున్నాను. జన్మలో ఎప్పుడూ ఒకరి బండి ఆగిపోవాలని కోరుకోలేదు.

నీ సంగతి డాక్టరమ్మకు చెప్పు. కడుపుతో ఉన్నవాళ్లకు ఇది మామూలేననీ, దానికి వేరే మందులున్నాయనీ నర్సు చెప్పింది. సిగ్గుపడకు. నేను పడ్డ సిగ్గు చాలు.

నాన్న


మార్చి 4

నాన్నా,

నీ సీసా చేరింది. నేను బాగానే ఉన్నాను. రెండు రోజులు పనికి సెలవు పెట్టాను. నువ్వు కంగారు పడకు. ఇక మందులేవీ పంపకు.

పెన్ను దొరక్క పెన్సిలుతో రాస్తున్నాను.

పిచ్చుక


మార్చి 8

పిచ్చుకా,

చేరిందని రాశావు. తాగావో లేదో రాయలేదు. నా ఉత్తరం అందిందో లేదో రాయలేదు. బాగున్నదానివి సెలవెందుకు పెట్టావు? నీ ఇంట్లో పెన్ను లేకపోవడమేమిటి? అక్షరాలు గీత మీద నిలబడలేదు.

ఎన్నిసార్లు చదివినా ఆ కాగితంలో ఇంకేమీ కనిపించడం లేదు. నర్సుకు చూపించాను. చదివి మడిచి నా చేతిలో పెట్టింది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది.

నిన్న పులుసులో ఉప్పు రెండుసార్లు వేశాను. ఇవాళ అసలు వెయ్యలేదు. ఎవరూ ఏమీ అనడం లేదు. అందరికీ తెలిసిపోయినట్టుంది.

తాగావా? ఒక్క మాట రాయి. ఎలాంటిదైనా సరే, నిజం రాయి.

నాన్న


మార్చి 13

నాన్నా,

తాగాను.

నిజం రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. ముందే చెబుతున్నాను, నేనూ బిడ్డా క్షేమంగా ఉన్నాం. ఇంట్లో కూర్చునే రాస్తున్నాను, పెన్నుతోనే.

సీసా వచ్చిన మర్నాడు పొద్దున్నే తాగి పనికి పోయాను. సాయంత్రానికి ఇల్లు చేరాక పనిచేస్తుందిలే అనుకున్నాను. మిషను దగ్గర కూర్చున్న కాసేపటికే కడుపులో మెలి తిప్పడం మొదలైంది. బిళ్ల కోసం చూస్తే అది ఎవరి చేతిలోనో బయటికి పోయింది. మేస్త్రీని అడిగితే బిళ్ల రానిమ్మన్నాడు. ఆ తర్వాత వచ్చిన నొప్పి వేరే. పొట్టంతా గట్టిపడి, వదిలి, మళ్లీ గట్టిపడుతోంది. బల్ల పట్టుకుని లేవబోయి అక్కడే కూలబడ్డాను. మా వరుసవాళ్లు బట్ట తాన్లు మోసే తోపుడుబండి ఖాళీ చేసి, నన్ను అందులో పడుకోబెట్టి గేటు దాకా తోసుకుపోయారు. మిషన్లన్నీ ఆగిపోయాయి. అంత నిశ్శబ్దం నేను ఆ గదిలో ఎప్పుడూ వినలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఏం తిన్నావు, ఏం తాగావు అని గుచ్చి గుచ్చి అడిగింది. ఆయనా అత్తయ్యా అక్కడే ఉన్నారు. తోడొచ్చిన మా వరుస ఆవిడ కూడా ఉంది. ఈసారి దాచలేకపోయాను. విరేచనం కావడం లేదమ్మా, ఆముదం తాగాను అన్నాను. సెలైను పెట్టారు, ఇంజెక్షన్లు ఇచ్చారు. బిడ్డ గుండె చప్పుడు వింటూనే ఉన్నారు. తెల్లవారేదాకా అత్తయ్య నా మంచం దగ్గరి నుంచి లేవలేదు. మర్నాటికి నొప్పులు సర్దుకున్నాయి. నీకు పెన్సిలుతో రాసింది ఆ మంచం మీద నుంచే. అక్కడి నర్సు జేబులో పెన్సిలే ఉంది. నీ సర్వేయరు తెచ్చిన ఉత్తరం నేను ఇంటికొచ్చేసరికి గుమ్మంలో పడి ఉంది.

డాక్టరమ్మ కోప్పడుతుందనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చుని, "పోయినసారి అడిగినప్పుడే చెప్పి ఉంటే నీకు ఈ బాధ ఉండేది కాదు కదమ్మా" అంది. అంతే.

కడుపుతో ఉన్నప్పుడు పేగులు మందకొడిగా కదులుతాయట. ఎదిగే బిడ్డ బరువు వాటి మీద పడుతుంది. రక్తం పట్టడానికి మింగే ఐరన్ మాత్రలు కూడా కొందరికి ఇలా చేస్తాయి. వాటిని నా అంతట నేను మానెయ్యకూడదు. ఆవిడే వేరే రకం మార్చి ఇచ్చింది. వీటన్నిటి మీద నేను నీళ్లు తాగకపోవడం, వచ్చినప్పుడు వెళ్లకుండా బిగబట్టడం. చేసుకున్నదంతా నేనే. ఒక తియ్యటి మందు రాసింది, అది కడుపుతో ఉన్నవాళ్లకు ప్రమాదం కాదంది. రోజంతా కొంచెం కొంచెంగా నీళ్లు తాగమంది. ఆకుకూరలు, పళ్లు, పొట్టు తియ్యని గింజలు తినమంది, కాస్త నడవమంది. కమోడు మీద కూర్చున్నప్పుడు పాదాల కింద చిన్న పీట వేసుకోమంది, ముక్కొద్దంది. నెత్తురు కనిపించినా, నొప్పి ఆగకపోయినా, వాంతులైనా ఆగకుండా రమ్మంది.

నీ మీద నాకు కోపం లేదు. సీసా నువ్వు పంపావు, మూత తీసింది నేను.

నీ పిచ్చుక


మార్చి 20

పిచ్చుకా,

నువ్వు రాసిందంతా చదివాను. మొదటి మాట దగ్గరే చాలాసేపు ఆగిపోయాను.

కోపం లేదని రాశావు. ఉంటేనే నాకు నయం. నా చేతులతో గుడ్డ చుట్టి పంపాను. ఆ రోజు నువ్వు తోపుడుబండిలో పోతుంటే నేను ఇక్కడ ఎవరికో రెండోసారి అన్నం వడ్డిస్తూ ఉంటాను.

ఇకమీదట నీకు ఏ సలహా ఇవ్వను. నా బదులు మనిషి దొరికాడు, సెలవు ఇస్తామన్నారు. వద్దన్నాను. మీ అత్తగారి ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడను? ఆవిడ నీ మంచం దగ్గర కూర్చుంది. నేను చేసిందేమిటో ఆవిడకు తెలుసు.

మందు వేళకు తాగు. ఇది సలహా కాదు, డాక్టరమ్మ చెప్పిందే.

నాన్న


ఏప్రిల్ 11

నాన్నా,

నువ్వు రాకుండా ఉండడానికి అత్తయ్యను అడ్డం పెట్టుకోకు. నీ ఉత్తరం ఆవిడకు చదివి వినిపించాను. అవును, వినిపించాను. మా ఇంట్లో ఇప్పుడు దాపరికాలేవీ లేవు.

నేను ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడే అత్తయ్య మిగతా మూడు వాటాల తలుపులూ తట్టింది. పొద్దున్నే ఆరింటికి మా కోడలి వంతు, అది బయటికి వచ్చేదాకా ఎవరూ తలుపు దగ్గర దగ్గకూడదు అని చెప్పి వచ్చింది. అంతటితో ఊరుకోలేదు. నేను లోపల ఉన్నంతసేపూ వరండాలో స్టూలు వేసుకుని, బియ్యం చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. మొదటి రోజు నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ బయట రాళ్లు ఏరుతుంటే లోపల నాకేం వస్తుంది? ఇప్పుడు అలవాటైంది. పీటను కూడా మీ అల్లుడే బేకరీలో పాత చెక్కపెట్టె విప్పి చేసి తెచ్చారు. ఒక కాలు పొట్టి.

పూర్తిగా తగ్గిందని చెప్పను. కొన్ని రోజులు బాగుంటుంది, కొన్ని రోజులు మళ్లీ మొదటికొస్తుంది. అలాంటప్పుడు డాక్టరమ్మకు చెబితే మందు కాస్త సర్దుతుంది. అంతకన్నా బిడ్డ భయమే ఎక్కువ. పొట్ట కాస్త గట్టిపడితే చాలు, అదే నొప్పేమోనని లేచి కూర్చుంటాను. అత్తయ్య కూడా లేస్తుంది.

ఫ్యాక్టరీలో చెక్క బిళ్ల కనపడకుండా పోయింది. ఇస్త్రీ విభాగం బాయిలర్‌లోకి పోయిందంటారు, ఎవరు వేశారో ఎవరికీ తెలియదట. రేకుతో కొత్తవి చేయించారు, ఈసారి రెండు. నీళ్ల సీసాలు మిషను పక్కన పెట్టుకుంటే మేస్త్రీ చూడనట్టు పోతున్నాడు. నన్ను దారాలు కత్తిరించే బల్లకు మార్చారు. తలుపు పక్కనే.

నీ ఉత్తరం విని అత్తయ్య చేతిలో చాట కింద పెట్టింది. తర్వాత, "అన్నయ్యగారికి రాయి. ఈ పిల్ల ఆ మాట చెప్పుకోలేకుండా పెట్టింది నేను కూడానూ. మొహం చెల్లకపోతే ఇద్దరికీ చెల్లకూడదు. వచ్చి ఆకుకూర వండి పెట్టమను, నేను వండింది అది తినడం లేదు" అంది.

నిజమే, తినలేకపోతున్నాను. రా నాన్నా.

నీ పిచ్చుక


జూన్ 16

పిచ్చుకా,

కొండ ఎక్కాను. క్యాంపులో అందరూ మనవరాలి పోలికలు అడిగి చంపుతున్నారు. నా ముక్కే అని చెబుతున్నాను. కాదని రాయకు.

మీ దగ్గరున్న నెలన్నరలో నీతో చెప్పాలనుకుని చెప్పలేకపోయింది ఒకటుంది. ప్రసవమైన మర్నాడు డాక్టరమ్మ వచ్చి వార్డంతా వినపడేలా, విరేచనం అయిందా అని అడిగింది. నువ్వు అంతే గట్టిగా, "ఇంకా లేదమ్మా, కుట్లు లాగుతాయేమోనని భయంగా ఉంది" అన్నావు. అల్లుడున్నాడు, మీ అత్తగారున్నారు, పక్క మంచాల వాళ్లున్నారు. నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను గాని బయటికి పోలేదు. ఆవిడ తాపీగా జవాబు చెప్పి, మందు రాసి పోయింది. ఎవరూ తల తిప్పి కూడా చూడలేదు.

ఆ రోజు నుంచీ నాకు ఒక చోట కుదురు లేదు. చాలాకాలంగా నాకు విరేచనంలో నెత్తురు పడుతోంది తల్లీ. మొలలే అయి ఉంటాయి, పొయ్యి దగ్గర ఉంటాను కదా, వేడి అనుకుని సరిపెట్టుకున్నాను. మజ్జిగ తాగి ఊరుకున్నాను. నీ దగ్గర ఉన్నప్పుడూ పడింది. చూసుకుని నీళ్లు పోసి వచ్చాను.

నిన్న నర్సు దగ్గరికి వెళ్లాను. వెళ్లేముందు వంటపాక చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో తెలియదు. ఆవిడ తిట్టలేదు. ఎన్నాళ్ల నుంచి అని అడిగింది, ఉన్నదున్నట్టు చెప్పాను. మొలలే కావచ్చు, కాకపోనూవచ్చు, ఊహించుకుంటూ కూర్చునే సంగతి కాదు, పెద్దాసుపత్రిలో చూపించుకో అంది.

శుక్రవారం లారీలో దిగుతున్నాను. భయం లేదని రాయను. ఉంది. నువ్వు బాలింతవు, ఇల్లు కదలకు. నాతో ఆసుపత్రికి అల్లుణ్ని రమ్మను. డాక్టరు గదిలోకి కూడా రమ్మను. అతను బయట నిలబడితే నేను సగమే చెబుతాను.

నాన్న